ఎరుగని నీళ్లలో తోడువాడు



మన ఊరి చెరువునకు వెళ్లుటకు ఎవరును దారి అడుగరు. ఎక్కడ లోతో, ఎక్కడ బురదయో, ఏ మెట్టున పాచి జారునో మన పాదములకే తెలియును. అయితే మనిషి బ్రతుకంతయు ఊరి చెరువులోనే గడచిపోదు. వ్యాధి, వియోగము, వృద్ధాప్యము, కన్నబిడ్డలు దూరదేశములకు వెళ్లిపోవుట, ఇవన్నియు మనము మునుపెన్నడును దిగని నీళ్లు. అట్టి నీళ్లలో దిగునప్పుడు మన పాత నేర్పు ఎంతవరకు పనికివచ్చును? ఎవని మాట విని అడుగు వేయవలెను? ఈ మాసము ఈ సంగతినిగూర్చి మీతో మాటలాడ గోరుచున్నాను. ఇందుకు నేను తీసికొనిన దృష్టాంతము మీకు వింతగా తోచవచ్చును. అది ఉత్తరముగా, కెనడా దేశపు తూర్పు కొననున్న లాబ్రడారు అను చలిసీమలో, సాల్మన్ ట్రౌట్ అను చేపలను గాలముతో పట్టుటకు వేసికొనిన ఒక ప్రయాణపు ఏర్పాటు.

ఈ ఏర్పాటు నాది కాదు. మా సంఘములో ఒక పెద్దది. ఆయన భీమునిపట్నము వైపు సముద్రపు పల్లెలో పుట్టి, ముప్పది ఏండ్లు తండేలుగా నావ నడిపినవాడు. ఆకాశము చూచి గాలి చెప్పగలడు, నీటి రంగు చూచి చేప చెప్పగలడు. అక్షరము మాత్రము రాదు. ఆయన ఒక్కగానొక్క కుమారుడు చదువుకొని టొరంటో నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. 2021 మే నెలలో, ఆ మహమ్మారి దినములలో, తల్లి మూడు దినముల జ్వరముతో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయెను. ఏప్రిల్ 22వ తేదీ మొదలుకొని ఇండియానుండి వచ్చు విమానములను కెనడా ప్రభుత్వము ఆపివేసియుండెను. కుమారుడు రాలేకపోయెను. సమాధి కార్యక్రమమును ఫోను తెరమీద చూచెను.

రాలేకపోయిన కారణము తండ్రికి తెలియును. తెలిసినను మనసు వినలేదు. ఆ తరువాత కుమారుడు ఫోను చేసిన ప్రతిసారి, "బాగున్నాను. నువ్వు బాగున్నావా? సరే," అని మూడు మాటలు చెప్పి ఫోను ప్రక్కింటి పిల్లవాని చేతిలో పెట్టెడివాడు. ఇట్లు ఏండ్లు గడచెను. తుదకు కుమారుడు కాగితము మీద ఉత్తరములు వ్రాయసాగెను. చదువు రాని తండ్రి ఆ ఉత్తరములను నాయొద్దకు తెచ్చుచుండెను. గడచిన రెండు సంవత్సరములుగా, వాటిని బిగ్గరగా చదివి వినిపించుట నా పరిచర్యలో ఒక భాగమైనది.

మొదటి ఉత్తరములో ఉన్న సంగతి ఇది: "నాన్న గారికి ప్రభువు నామమున వందనములు. మీరు నన్ను చిన్నప్పుడు నావ మీద తీసుకెళ్లారు. ఇప్పుడు నేను మిమ్మల్ని ఒక నది దగ్గరకు తీసుకెళ్లాలని ఉంది. ఖర్చు నాది. ఒక వారం మనిద్దరమే ఉందాం."

ఆ ఊరు ఎట్టిది, ఆ నది ఎట్టిది అని తండ్రి నన్ను అడిగెను. నేను పుస్తకములు వెదకి చదివి ఆయనకు చెప్పిన సంగతులనే మీకును చెప్పుచున్నాను.

లాబ్రడారు వైశాల్యము సుమారు 2,94,000 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండును కలిపినను అంతకంటె కొంత తక్కువే. అయితే 2021 జనాభా లెక్కల ప్రకారము అక్కడ నివసించువారు 27,000 మందికి లోపు. మిగిలినదంతయు అడవి, బండ, సరస్సు, నది. చలికాలము దీర్ఘము, సముద్రమే గడ్డకట్టును. వేసవి కొద్దికాలమే. అయినను జూలై నెలలో పగలు పదహారు గంటలకు పైబడి యుండును.

ఆ తీరమునకు సువార్త చరిత్రలో చోటు గలదు. మొరేవియను సహోదరులు 1771లో నైన్ అను చోట ఇన్యూట్ ప్రజల మధ్య మిషను స్థాపించిరి. వారిలో యెన్స్ హావెన్ అనునాయన అంతకుముందే గ్రీన్‌లాండులో పనిచేసి ఆ ప్రజల భాష నేర్చుకొనినవాడు. తరువాత 1892లో విల్‌ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ అను ఇంగ్లీషు డాక్టరు, సముద్రముమీద పనిచేయు జాలరుల మిషను తరఫున అక్కడికి వచ్చెను. ఆయన లండనులో వైద్యము చదువుచుండగా డి. ఎల్. మూడీ గారి కూటములో ప్రవేశించి, ప్రభువునకు తన్ను అప్పగించుకొనినవాడు. 1893లో బాటిల్ హార్బరు అను చోట ఆస్పత్రి తెరచెను. వైద్యుడే ఎరుగని ఆ తీరపు పల్లెలకు పడవమీదను, మంచుకాలములో కుక్కలు లాగు బండిమీదను తిరిగి సేవ చేసెను. ఈ మాట చదివినప్పుడు మా తండేలు, "పల్లెకారోళ్ల కోసమా అయ్యగారూ? అంత పెద్ద డాక్టరు?" అని మరల చెప్పించుకొనెను. మన భీమునిపట్నము, బొబ్బిలి, శ్రీకాకుళము ప్రాంతములకు 1870ల దశకములో వాక్యము తెచ్చిన మిషనరీలు కూడ కెనడా దేశపు ఆ తూర్పు సముద్రతీర సంఘములవారు పంపినవారే. వారు ఇటు వచ్చిరి. ఇప్పుడు మన పల్లెకారుడు ఒకడు అటు వెళ్లుమని పిలువబడెను.

ఇక చేప సంగతి. సాల్మన్ అనగా ఏమని ఆయన అడిగినప్పుడు నేను పులసను తలచుకొమ్మంటిని. సముద్రములో విలస అనబడునది గోదావరి వరదనీటికి ఎదురీది పులస యగునని మనకు తెలియును గదా. సాల్మన్ బ్రతుకును అట్టిదే. శరత్కాలమందు తల్లిచేప నది గులకరాళ్లలో తోకతో గుంట చేసి వేలకొలది గ్రుడ్లు పెట్టి కప్పును. చలికాలమంతయు గ్రుడ్లు మంచుక్రింద పారు నీటిలో నుండి, వసంతములో పిల్లలగును. ఆ పిల్లలు మూడు నాలుగు ఏండ్లు, చలి మిక్కుటమైన నదులలో అంతకంటె ఎక్కువ కాలము, పుట్టిన నీటిలోనే పెరుగును. పిమ్మట ఒంటిమీద వెండి రంగు పట్టి సముద్రమునకు దిగిపోవును. గ్రీన్‌లాండు పడమటి తీరమువరకు ఈదిపోయి, అక్కడ మేసి బలిసి, ఒకటి రెండు ఏండ్లకు తిరిగి బయలుదేరి, తాను పుట్టిన నదికే వచ్చును. నది దగ్గరకు వచ్చిన పిమ్మట తన ఇంటి నీటిని అది వాసనచేత గుర్తుపట్టును. నదిలో ప్రవేశించినది మొదలు మేత మానివేయును. సముద్రములో కూర్చుకొనిన క్రొవ్వుతోనే ఎదురీది, బండలపైకి ఎగిరి, పైకి పోవును. పసిఫిక్ సముద్రపు సాల్మన్ జాతులు గ్రుడ్లు పెట్టగానే చచ్చిపోవును. ఈ అట్లాంటిక్ సాల్మన్‌లో కొన్ని బ్రతికి మరల సముద్రమునకు వెళ్లి మరల వచ్చును.

"అంత దూరం పోయి కూడా ఇంటి నీళ్ల వాసన మరిచిపోదా?" అని ఆయన అడిగెను. నేను జవాబు చెప్పలేదు. ఆయన దేనినిగూర్చి అడిగెనో నాకు తెలిసెను.

ట్రౌట్ మాటయు చెప్పవలెను. అక్కడి నదులలోను సరస్సులలోను దొరకు బ్రూక్ ట్రౌట్ చూచుటకు మిగుల అందమైనది. ఒంటిమీద ఎఱ్ఱని చుక్కలు, ఒక్కొక్క చుక్కచుట్టు నీలి వలయము, క్రింది రెక్కల అంచున తెల్లని గీత. గూస్ బే పట్టణమునకు నైరృతిగానున్న మినిపి నీళ్లు ఈ చేపలు పెద్దవిగా పెరుగుటకు పేరుపొందినవి. సాల్మన్‌కు ఈగిల్ నది పేరుపొందినది. అది కార్ట్‌రైట్ అను గ్రామము దాపున శాండ్‌విచ్ అఖాతములో కలియును.

కుమారుని ఉత్తరములలో ఏర్పాటు ఒక్కొక్కటిగా వచ్చుచుండెను. టొరంటోనుండి తూర్పునకు ఎగిరి, విమానము మారి గూస్ బే చేరవలెను. అక్కడినుండి రోడ్డు లేని నదికి, నీటిమీద దిగు చిన్న విమానములో పోవలెను. అందులో బరువునకు లెక్క యుండును గనుక మూటలు తగ్గించుకొనవలెను. సాల్మన్ పట్టుటకు అనుమతించిన కాలము జూను నడుమనుండి సెప్టెంబరు నడుమవరకే. అందులో జూలై మంచిది. ఆ కాలములోనే నల్ల ఈగలును దోమలును లేచును. నల్ల ఈగలు పారు నీటిలోనే పుట్టునవి గనుక నదియొద్ద వాటి బాధ అధికము. తలమీదనుండి మెడవరకు సన్నని వలగుడ్డ కట్టుకొనవలెను. నదిలో నిలుచుటకు రొమ్మువరకు వచ్చు నీరెక్కని తొడుగు, వాన చొక్కా, ఉన్ని బట్టలు కావలెను. చేపలు పట్టుటకు ఆ రాష్ట్రపు లైసెన్సు కావలెను. తండ్రికి పాస్‌పోర్టు, వీసా, వైద్యపు బీమా కావలెను. ఒక వారమునకు అగు వ్యయము వేల డాలర్లలో నుండును. అందుకొరకు కుమారుడు రెండేండ్లు నెలనెల కొంత సొమ్ము ప్రక్కకు తీసిపెట్టెను.

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా 14వ అధ్యాయములో బోధించెను గదా. మనలో కొందరు ఏర్పాటు చేసికొనుటయే అవిశ్వాసమని తలంచుదురు. అట్లు కాదు. లెక్క చూచుకొనుట ప్రభువు మెచ్చిన పని. యాకోబు భక్తుడు తన పత్రిక 4వ అధ్యాయములో గద్దించినది లెక్క వేసికొనువారిని కాదు, రేపటి దినము తమ చేతిలో నున్నట్లు అతిశయపడువారిని. లెక్క కాగితము మనది, దినములు దేవునివి. ఈ రెండును మరువకుండిన యెడల మన ఏర్పాటు ప్రార్థన యగును.

నాలుగవ ఉత్తరమున చిక్కు వచ్చెను. కుమారుడు వ్రాసినదేమనగా: ఆ రాష్ట్రపు చట్టము ప్రకారము, అక్కడ నివాసి కానివాడు సాల్మన్ నదిలో గాలము వేయవలెనన్న, లైసెన్సు పొందిన గైడు తోడుండవలెను, లేదా అక్కడ నివసించు దగ్గర బంధువు తోడుండవలెను. టొరంటో వేరొక రాష్ట్రములోనిది గనుక కుమారుడును అక్కడ పరదేశియే. కాబట్టి వారముదినములు ఒక గైడు వారితో నుండును. ఎక్కడ నిలువవలెనో, ఎట్లు వేయవలెనో అతడే చెప్పును.

మా తండేలునకు కోపము వచ్చెను. "నాకా? ఏటి అయ్యగారూ ఇది! ముప్పై ఏళ్లు నావకి తండేలుని. నా మాట మీద ఎనిమిది మంది సముద్రంలోకి దిగేవోరు. ఇప్పుడు నాకు చేప చూపించడానికి ఇంకొకడా?" అని ఉత్తరము మడిచి జేబులో పెట్టుకొని లేచెను.

"అన్నా, కూర్చో. ఒక కథ చెప్తాను, విని వెళ్లు," అంటిని.

చదువరులారా, ఆ కథ మీరును వినుడి. ఇది జరిగిన సంగతి. 1903 సంవత్సరమున లియోనిడాస్ హబ్బర్డ్ అను అమెరికా పత్రికా రచయిత, తన స్నేహితుడు డిల్లన్ వాలెస్‌తోను, జార్జి ఎల్సన్ అను తోడువానితోను లాబ్రడారు లోపలి అడవిని చూడ బయలుదేరెను. ఎల్సన్ నమ్మకమైనవాడు, అడవి పనిలో ఆరితేరినవాడు. అయితే అతడు హడ్సన్ అఖాతపు దిక్కువాడు. ఆ నీళ్లను మునుపెన్నడు చూడలేదు. వారి చేతనున్న పటము అసంపూర్ణమైనది. గ్రాండ్ లేక్ అను సరస్సు కొనయొద్ద నాస్కోపి అను పెద్ద నదిలో ప్రవేశించుటకు బదులు, సూసన్ అను చిన్న యేటిలో ప్రవేశించిరి. ముగ్గురును బలవంతులే, ధైర్యవంతులే, కష్టపడువారే. పడవను వీపున మోసికొని వారముల తరబడి ఆ యేటివెంట ఎక్కిరి. ట్రౌట్ చేపలు దొరికిన దినమున తినిరి, దొరకని దినమున పస్తుండిరి. సెప్టెంబరులో వెనుదిరిగిరి. అప్పటికే చలి వచ్చెను, చేపలు తగ్గెను. తుదకు పాత తోలు చెప్పులు ఉడికించుకొని తినిరి. అక్టోబరు నెలలో హబ్బర్డ్ నడువలేక గుడారములో నిలిచిపోయెను. మిగిలిన ఇద్దరు సహాయము కొరకు వెళ్లిరి. సహాయము వచ్చులోగా హబ్బర్డ్ ఒంటరిగా కన్నుమూసెను. ఎల్సన్ వేటగాండ్ర గుడిసె చేరుకొనగా, వారు వెళ్లి వాలెస్‌ను బ్రతికించిరి.

రెండేండ్ల తరువాత, 1905లో, హబ్బర్డ్ భార్య మీనా హబ్బర్డ్ అదే ప్రయాణమునకు బయలుదేరెను. జార్జి ఎల్సన్‌ను తోడు తీసికొనెను. ఈసారి గిల్బర్ట్ బ్లేక్ అను ఆ సీమలో పెరిగిన యువకుని కూడ వెంట తీసికొనెను. వాలెస్‌ను రక్షించిన వేటగాండ్రలో అతడొకడు. సరియైన నది పట్టిరి. ఆగస్టు నెలాఖరునకు ఉంగావా అఖాతపు తీరము క్షేమముగా చేరిరి. ఆమె ఆ దారికి పటము కూడ గీసెను.

కథ వినిన మా తండేలు చాలసేపు ఊరకుండెను. తరువాత నెమ్మదిగా, "మన రేవులోకి కాకినాడ బోటు వస్తే నేను ఎదురెళ్లి దారి చూపించేవాణ్ని. వాడు నాకన్నా పెద్ద తండేలే. కాని రేవు వాడిది కాదు గదా," అనెను.

ఈ మాటలో ఒక ప్రసంగమంతయు నున్నది. నేర్పు వేరు, నీటి ఎరుక వేరు. సీమోను పేతురు గెన్నేసరతు సరస్సులో పుట్టి పెరిగిన జాలరి. రాత్రియంతయు ప్రయాసపడియు ఏమియు పట్టలేదు. తెల్లవారిన తరువాత నజరేతు వడ్రంగి వచ్చి, లోతునకు నడిపించి వల వేయుమనెను. పగటివేళ లోతున వల వేయుట జాలరి శాస్త్రము ఒప్పదు. అయినను పేతురు తన నేర్పును ప్రక్కకు పెట్టి ఆయన మాట చొప్పున వల వేసెను. ఆ దినమున పేతురు నేర్చుకొనినది చేపల సంగతి కాదు, ఎవరి మాట వినవలెనో ఆ సంగతి.

గైడు చేయు పని ఏమి? అతడు మన బదులు చేప పట్టడు. గాలపు కర్ర మన చేతిలోనే యుండును. అతడు ప్రక్కన నీటిలో నిలిచి, చేప ఏ బండ వెనుక ఆగునో, ఏ పాయలో విశ్రమించునో చూపును. అడుగున జారుడు రాళ్లున్న చోట మోచేయి పట్టుకొనును. "ఇంత దూరము వేయవద్దు, దగ్గరగా వేయుము, త్వరపడవద్దు, నీటిని తన పని చేయనిమ్ము" అని చెప్పును. పరిశుద్ధాత్మ దేవుడు మనయెడల చేయునదియు ఇదియే. మనలను సర్వసత్యములోనికి నడిపించునని ప్రభువు యోహాను 16వ అధ్యాయములో వాగ్దానము చేసెను. ఆయన మన కర్రను లాగుకొనడు, మనలను ఒంటరిగా విడువడు.

అయితే గైడునకు జీతమిచ్చి, అతని మాట వినక, తోచిన చోట గాలము వేయువానికి ఏమి లాభము? ప్రతి ఆదివారము గుడికి వచ్చి వాక్యము విని, సోమవారము తన తోవను పోవు క్రైస్తవుడును అట్టివాడే.

ఆరవ ఉత్తరమున మరియొక వింత వచ్చెను. ఆ నదిలో వలగాని, ఎరగాని పనికిరాదు. ఈకలతోను దారముతోను పురుగువలె కట్టిన గాలమే వేయవలెను. ఆ గాలపు కొన వెనుకకు తిరిగియుండు ముల్లు ఉండరాదు; ఉన్నయెడల పట్టుకారుతో నొక్కి అణచివేయవలెను. తలనుండి తోకవరకు 63 సెంటీమీటర్లు, లేక అంతకు మించినదైన పెద్ద సాల్మన్‌ను పట్టినయెడల, నీటిలోనుండి తీయకయే గాలము విప్పి, అది ఊపిరి తేరుకొనువరకు ప్రవాహమునకు ఎదురుగా పట్టుకొని, విడిచిపెట్టవలెను.

మా తండేలు నవ్వెను. ఆయన నవ్వగా చూచి చాలకాలమైనది. "పట్టి వదిలేయడానికా అంత దూరం, అంత డబ్బు? ఇది పనిలేనోళ్ల ఆట అయ్యగారూ."

ఆయన మాట తీసివేయదగినది కాదు. దినమెల్ల వల లాగి, పట్టిన చేపతో బియ్యము కొనుక్కొను ఇంటిలో, చేపను విడిచిపెట్టుట ఆటగానే కనబడును. అయినను దాని వెనుక ఒక దుఃఖము గలదని చెప్పితిని. న్యూఫౌండ్‌లాండు, లాబ్రడారు తీరములలో వందల ఏండ్లు కాడ్ అను చేపయే జనుల అన్నము. పెద్ద ఓడలు వచ్చి అధికముగా ఊడ్చివేయగా, 1992 జూలై 2వ తేదీన కెనడా ప్రభుత్వము ఆ వేటను ఆపివేసెను. సుమారు 30,000 మంది పని పోగొట్టుకొనిరి. ఆ సంవత్సరమే న్యూఫౌండ్‌లాండు దీవియందును, 1998లో లాబ్రడారునందును సాల్మన్ వర్తకపు వేటయు ఆగిపోయెను. పెద్ద సాల్మన్‌లో అనేకములు గ్రుడ్లతో నిండిన తల్లులు. వాటిని చంపినయెడల నది గొడ్డుబోవును.

30,000 మంది అను మాట విని ఆయన నవ్వు మానెను. "మన రేవులో కూడా అదే వస్తుంది," అనెను. తరువాత తన గాలముల పెట్టె తెచ్చి, ఒక గాలము తీసి, ముల్లుమీద బొటనవ్రేలు రాచి చూపెను. "దీని పనే అది. లోపలికి సులువుగా దిగుద్ది. బయటికి తీస్తే మాంసం చీలుద్ది."

కొంతసేపటికి తలయెత్తకయే ఇట్లనెను: "అయ్యగారూ, మీరు జవాబు రాయండి. నదికి తర్వాత పోదాం. ముందు ఇంటికి రమ్మనండి. వాళ్లమ్మని పెట్టిన చోటు వాడు చూడలేదు. నేను చూపిస్తాను."

నేను అట్లే వ్రాసితిని. ఒక మాటయు చేర్చలేదు.

గడచిన జనవరిలో కుమారుడు వచ్చెను. తండ్రి విమానాశ్రయమునకు వెళ్లలేదు. సమాధుల తోట గేటునొద్ద నిలువబడియుండెను. కుమారుడు కారు దిగగా, అతని చేయి పట్టుకొని వరుసల మధ్యనుండి నడిపించుకొని పోయెను. ఆ చోట దారి తెలిసినవాడు తండ్రి, పరదేశి కుమారుడు. నేను చింతచెట్టు క్రింద ఆగిపోయితిని. వారు ఏమి మాటలాడుకొనిరో నేను వినలేదు, వినవలసినదియు కాదు. చాలసేపటికి తిరిగివచ్చునప్పుడు, నది లోతెంత, దాని అడుగు ఇసుకయా రాయియా అని తండ్రి అడుగుచుండెను.

యోహాను సువార్త 21వ అధ్యాయము తెరచి చూడుడి. శిష్యులు రాత్రియంతయు వల వేసి, ప్రభువు మాట చొప్పున 153 గొప్ప చేపలు పట్టిరి. అయితే వారు దరికి వచ్చునప్పటికే అక్కడ నిప్పులును, వాటిమీద చేపయు, రొట్టెయు సిద్ధముగా నుండెను. వారి చేపలకై ఆయన కాచుకొనియుండలేదు. తన్ను ఎరుగనని మూడుమారులు బొంకిన పేతురును కూర్చుండబెట్టి, భోజనము పెట్టి, ప్రేమనుగూర్చి మూడుమారులు అడుగుటకే ఆ ఉదయము ఆయన ఆ దరికి వచ్చెను. చేపల వేట ఒక నెపము. విరిగిన స్నేహమును కట్టుట అసలు పని.

ప్రియ చదువరీ, నీ ఇంటిలోనుండి దూరదేశమునకు వెళ్లిన బిడ్డ ఉండవచ్చును. దుబాయి గాని, హైదరాబాదు గాని, అమెరికా గాని కావచ్చును. అవసరదినమున అతడు రాలేదన్న ముల్లు నీలో దిగి యుండవచ్చును. లేక నీవే వెళ్లలేకపోయిన బిడ్డవు కావచ్చును. ఆ ముల్లును బలముగా లాగినయెడల మాంసము చీలును. దానిని అణచివేయగల చేయి ఒకటి గలదు. అది మేకుల గాయములు గల చేయి. ఆ చేతికి నిన్ను అప్పగించుకొనుము. పిమ్మట ఒక ఉత్తరము వ్రాయుము. వ్రాయరానియెడల మీ సంఘ కాపరియొద్దకు వెళ్లి వ్రాయించుకొనుము. ఆయన సంతోషముతో వ్రాసిపెట్టును.

మా తండేలు ప్రయాణము వచ్చు జూలైకి ఏర్పాటైనది. గైడునకు బయానా చెల్లించిరి. వీసా ఇంకను రాలేదు. వచ్చునో రాదో ప్రభువు ఎరుగును. వచ్చినయెడల తండ్రి కుమారులు ఆ చల్లని నీళ్లలో ఒకరి ప్రక్కన ఒకరు నిలిచి, ఆ సీమవాని మాట విందురు. రానియెడల, భీమిలి రేవునుండి తన పాత నావమీద కుమారుని తీసికొని వెళ్లెదనని ఆయన చెప్పుచున్నాడు. ఆ నీళ్లకు ఆయనయే తండేలు.

మన అందరి ముందును ఎవరును వెనుకకు తిరిగి వచ్చి వర్ణింపని ఒక నీరు గలదు. ఏ నేర్పును అక్కడ చెల్లదు, ఏ పటమును దానికి లేదు. అయితే ఒకడు ఆ నీటిలో దిగి, మూడవ దినమున అవతలి దరిని లేచి నిలిచెను. ఆయన ఆ దారి ఎరుగును. ఆ దినము కొరకు కనిపెట్టక, నేడే ఆయన మోచేయి పట్టుకొందము.

ప్రభువా, ఎరుగని నీళ్లలో మమ్మును ఒంటరిగా విడువకుము. మా నేర్పును నీ పాదములయొద్ద పెట్టుటకు మాకు వినయము దయచేయుము. దూరముననున్న మా బిడ్డలను కాపాడుము. మాలో దిగిన ముండ్లను నీవే తీసివేయుము. ఆమేన్.